పాత హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ఉన్నవారికి: సామాను కొనే ముందు ఈ పరీక్షలు చేయండి

మద్రాసులో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు స్టాండర్డ్ హెరాల్డ్ పేరు కొత్త కాదు. 1961 నుంచి సుమారు పదేళ్లు ఆ ఊరి శివార్లలోనే తయారైన కారది. ఇంగ్లండులో ట్రయంఫ్ సంస్థ ఇదే హెరాల్డ్ ఆధారంగా కురచ ఛాసిస్ చేసి, ఇటలీకి చెందిన జొవన్ని మికెలోట్టి గీసిన బాడీ తొడిగి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. ముందు చక్రాల అమరిక రెండింటిలో ఒకే తరహాది, ఇంజన్లదీ ఒకే వంశం. అందుకే జబ్బులూ ఒకటే.

ఈ కార్ల విషయంలో ఎక్కువ డబ్బు పోయేది రిపేరుకు కాదు, ఊహ మీద సామాన్లు మార్చడానికి. ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి.

బండి స్టార్ట్ కాకపోతే

అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. అక్కడ ఆగండి. మొదట కరెంటు, తర్వాత పెట్రోలు, చివర కంప్రెషన్ చూడాలి. ప్లగ్గు విప్పి, దాని లోహపు భాగం ఇంజనుకు ఆనించి, సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోలు కారకుండా చూసుకోండి. నీలంగా, గట్టిగా నిప్పురవ్వ రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూడండి. వాటి మధ్య సందు 0.38 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోతోందా? ముందుగా కండెన్సర్‌ను, కాయిల్‌ను అనుమానించండి. కండెన్సర్ చవకైనదే.

ఇంజను వేడెక్కితే

ట్రాఫిక్‌లోనే వేడెక్కితే ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ రెక్కల్లో చేరిన దుమ్ము చూడండి. హైవే మీద వేడెక్కితే రేడియేటర్ లోపల తుప్పు, మడ్డి పేరుకుని ఉండవచ్చు, లేదా ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉండవచ్చు. థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేసి, తెరుచుకుంటోందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. ఇంజను నడుస్తున్నంతసేపూ రేడియేటర్ నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే అనుకుని కంప్రెషన్ పరీక్ష చేయించండి. రేడియేటర్ మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

క్లచ్ తొక్కించి పుల్లీ చూడండి

ఈ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా వెనక బేరింగ్ దగ్గర రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు ఉంటాయి. అవి బాగా అరిగితే జారి సంప్‌లో పడతాయి. ఆ తర్వాత క్రాంక్ నేరుగా ఇంజను బ్లాకునే రాసుకుంటుంది.

పరీక్ష తేలిక. ఇంజను ఆపి ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతూ ఉండాలి, ఇంకొకరు ముందున్న పుల్లీని చూడాలి. అది కంటికి కనిపించేంతగా జరిగితే బండి తీయకుండా కొలత తీయించండి. ఈ దశలో సంప్ దించి, ఇంజను కిందికి దించకుండానే వాషర్లు మార్చవచ్చు. ఆలస్యమైతే క్రాంక్, బ్లాకు రెండూ పోవచ్చు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఉంచకుండా న్యూట్రల్‌లో వేసుకోవడం ఈ కార్లకు ఆయుష్షు.

ముందు చక్రాలకు ఆయిల్, గ్రీజు కాదు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ముందు చక్రం మోసే ఉక్కు కడ్డీ, ట్రనియన్ అనే కంచు దిమ్మలో మర మీద తిరుగుతుంది. దానికి పోయాల్సింది ఇ.పి. 90 గేర్ ఆయిల్. చాలా షెడ్లలో అలవాటు కొద్దీ గ్రీజు కొట్టేస్తారు. గ్రీజు గట్టిపడి మరల్లోకి చేరదు. లోపల తడి ఆరి, తుప్పు పట్టి, ఒకరోజు బండి తిప్పుతుండగా కడ్డీ విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది.

స్టీరింగ్ బరువెక్కినా, తిప్పాక తనంతట తాను నేరుగా రాకపోయినా వెంటనే చూపించండి. ట్రనియన్‌కు ఉన్న చిన్న ప్లగ్గు తీసి, నిపుల్ బిగించి, గన్‌లో గ్రీజు బదులు ఆయిల్ నింపి, పైనుంచి ఆయిల్ బయటికి వచ్చేదాకా కొట్టాలి. సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి, అంత తిరగని బండికి ఏడాదికి ఒకసారైనా చేయించండి. మెకానిక్ పక్కనే నిలబడి చేయించండి.

పెట్రోలు పైపులు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోదు. ఈ ఇంజన్లలో కార్బురేటర్ సరిగ్గా వేడి ఎగ్జాస్ట్ పైనే ఉంటుంది. అక్కడ పైపు చీలి పెట్రోలు కారితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పైపు వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, మెత్తబడినా ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి.

తాతగారి కారని షెడ్డులో దాచుకున్నవాళ్లు మనలో ఉన్నారు. పండక్కి పిల్లల్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పే ముందు ఆ ట్రనియన్లలో ఆయిల్ ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి.