వార్తల్లో పదం: సీటీ కరోనరీ యాంజియోగ్రామ్

యాంజియోగ్రామ్ అనగానే మణికట్టు దగ్గరో గజ్జల్లోనో సన్నని గొట్టం ఎక్కించి గుండె దాకా పంపడమే చాలామందికి గుర్తొస్తుంది. ఆ గొట్టంతో పని లేకుండా, గుండెకు రక్తం అందించే ధమనులను బయటి నుంచే చూపించే స్కాన్ ఇది.

గుండె క్షణం ఆగదు. అసలు చిక్కంతా అక్కడే, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకే నాడి నిమిషానికి 60 దరిదాపులకు వచ్చేలా ముందే బీటా బ్లాకర్ ఇస్తారు. ధమనులు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ వేస్తారు. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కగానే ఒళ్లంతా వేడి పాకుతుంది, మూత్రం పడిపోయిందేమో అనిపిస్తుంది. కంగారు పడొద్దు, కాసేపట్లో తగ్గిపోతుంది. ఊపిరి బిగపట్టమన్నప్పుడు కదలకుండా ఉంటే చాలు.

స్కాట్లండ్‌లో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిపై జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం దీని విలువను గట్టిగా చూపింది. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఐదేళ్లలో గుండె ధమనుల జబ్బుతో మరణించినవారు లేదా గుండెపోటు వచ్చినవారు మామూలు వైద్యం పొందినవారిలో 3.9 శాతం, ఈ స్కాన్ కూడా చేసినవారిలో 2.3 శాతం. స్కాన్ ఏమీ నయం చేయదు. పూడిక కంటపడి స్టాటిన్ లాంటి మందులు వేళకు మొదలవడమే ముఖ్య కారణమని భావిస్తున్నారు.

అలాగని ఏ ఇబ్బందీ లేనివాళ్లు హెల్త్ ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోవడం సరికాదు. రేడియేషన్ ఉంటుంది. కిడ్నీ జబ్బు, అయోడిన్ మందుకు అలర్జీ, గర్భం ఉంటే ముందే చెప్పి తీరాలి. కాల్షియం బాగా పేరుకున్న చోట ధమని ఉన్నదానికంటే ఇరుకుగా కనిపించవచ్చు. స్టెంట్ వేయాల్సి వస్తే మాత్రం ఆ గొట్టం తప్పదు.