అరకులోయ విహారం - గిరిజన హక్కులు, ప్రకృతి పరిరక్షణ

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, తూర్పు కనుమల నడుమ నెలకొని ఉన్న చిన్న పట్టణం అరకులోయ. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది భాగమైనది. కొండదారుల నడక, గుహల సందర్శన, వాగుల చెంత విహారం కోరి వచ్చే యాత్రికులకు ఇది ప్రధాన గమ్యం. అయితే ఈ ప్రాంతం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు పరిధిలోనిది. ఇక్కడి విహారం గిరిజనుల భూమి మీద, వారి నీటి వనరుల చెంత సాగుతున్నదన్న వాస్తవాన్ని గుర్తించినప్పుడే పర్యాటకాభివృద్ధికి అర్థం చేకూరుతుంది.

కొండలెక్కే రైలు

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960వ దశకంలో కొత్తవలస - కిరండూల్ రైలుమార్గాన్ని నిర్మించారు. 58 సొరంగాల గుండా సాగే ఈ మార్గం కాలక్రమేణా యాత్రికులకూ ప్రియమైనది. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ బోగీని ఈ మార్గంలో ప్రవేశపెట్టారు.

బొర్రా గుహలు

అనంతగిరి మండలంలోని బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడినవి. వర్షపు నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్ప ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు రాతిని కరిగిస్తూ యుగాల తరబడి గుహలను తొలిచింది. చుక్కలుగా రాలే నీటిలోని సున్నం పేరుకొని పైకప్పు నుండి వ్రేలాడే ఆకృతులు, నేలపై స్తంభాలు రూపొందినవి. చేతులతో తాకినచో చర్మంపై గల జిడ్డు అంటుకొని ఈ పెరుగుదలకు ఆటంకం కలుగుతుంది. కావున సందర్శకులు నిర్దేశిత మార్గంలోనే నడవవలెను.

వాగుల వద్ద జాగ్రత్త

అరకు నుండి పాడేరు వెళ్ళే దారిలోని చాపరాయి వద్ద వాగు విశాలమైన రాతిపలకల మీదుగా ప్రవహిస్తుంది. లోతు తక్కువగా కనిపించుటయే ఇక్కడి ప్రమాదానికి మూలం. నాచు పట్టిన రాళ్ళు జారుతాయి. ఎగువ కొండలపై వాన కురిస్తే, దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్నప్పటికీ ప్రవాహం హఠాత్తుగా పెరగవచ్చును. బొర్రా సమీపంలోని కటికి జలపాతానికీ ఇదే వర్తిస్తుంది. వర్షాకాలంలో నీటిలో దిగరాదు. స్థానికుల హెచ్చరికను పెడచెవిని పెట్టరాదు.

భూమి ఎవరిది?

షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు 1959లో వెలువడగా, 1970లో సవరింపబడి 1/70 చట్టంగా ప్రసిద్ధికెక్కినవి. వీటి ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు విక్రయించుట, కౌలుకిచ్చుట చెల్లదు. బొర్రా పరిసరాల గనుల లీజులపై సమత సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 జూలై 11న చారిత్రాత్మక తీర్పునిచ్చింది. ప్రభుత్వం సైతం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వజాలదని స్పష్టం చేసింది. 1996 నాటి పెసా చట్టం గ్రామస్థాయి అభివృద్ధి పథకాలకు గ్రామసభ ఆమోదాన్ని తప్పనిసరి చేసింది. కనుక విడిది గృహం గాని, నడకదారి గాని తలపెట్టినప్పుడు భూ యాజమాన్యమును, గ్రామసభ అభిప్రాయమును ముందుగా పరిశీలించుట అధికారుల బాధ్యత.

ఆదాయం స్థానికులకే

గిరిజన రైతులు నీడచెట్ల క్రింద పండించే అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాఫీ, మిరియాల విక్రయం, మార్గదర్శకులుగా ఉపాధి, థింసా నృత్య ప్రదర్శన, బొంగు చికెన్ తయారీ వంటివి యాత్రికుల రాకను గిరిజన కుటుంబాల ఆదాయంగా మార్చగలవు. యాత్రికులు వదలివెళ్ళే ప్లాస్టిక్ మాత్రం గ్రామాలు త్రాగే ఊటల్లోకి, పశువులు మేసే బీళ్ళలోకి చేరుతున్నది. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకొని పోవుట, అనుమతి లేనిదే గ్రామస్థుల ఛాయాచిత్రాలు తీయకుండుట ప్రతి యాత్రికుని కనీస ధర్మం. కొండను చూడవచ్చే వారి ఆనందం ఆ కొండపై జీవించే వారికి భారం కాకూడదు.