వాడిన ఇంజిన్ ఆయిల్ విశ్లేషణ: వికారాబాద్ - తాండూరు పరిసరాల నేపథ్యంలో అన్వయం

వ్యాససంగ్రహం: ఇంజిన్‌లో వాడిన ఆయిల్‌ను పరీక్షించి లోపలి అరుగుదలను అంచనా వేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. శక్తిని పెంచేందుకు మార్పులు చేసిన టర్బో కారు వికారాబాద్, తాండూరు దారుల్లో తిరిగినప్పుడు పరీక్షా నివేదికను ఎలా చదవాలో పరిశీలిస్తుంది. కారు తిరిగిన నేల, ప్రయాణదూరం, ఆయిల్ రకం తెలిసినప్పుడే నివేదికలోని అంకెకు అర్థం ఏర్పడుతుందని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఇంజిన్ ఆయిల్, టర్బోచార్జర్, అరుగుదల, సిలికాన్, నాపరాయి, తాండూరు.

1. ఉపోద్ఘాతం

ఇంజిన్‌ను విప్పకుండా దాని స్థితిని తెలుసుకొనే మార్గాల్లో వాడిన ఆయిల్ విశ్లేషణ ఒకటి. 1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైల్వే ప్రయోగశాల డీజిల్ ఇంజిన్ల ఆయిల్‌లో కలిసిన లోహాలను వర్ణపట పద్ధతిలో కొలిచి, లోపాలను ముందుగానే గుర్తించింది. భారతీయ రైల్వే డీజిల్ షెడ్లలోనూ ఈ పరీక్ష వాడుకలోకి వచ్చింది. రైలు ఇంజిన్లతో మొదలైన ఈ పద్ధతి నేడు సొంత కార్లకూ అందుబాటులో ఉంది. అయితే నివేదికను తప్పుగా చదివితే బాగున్న ఇంజిన్‌ను అనవసరంగా విప్పించడమో, అరిగిపోతున్న ఇంజిన్‌ను పట్టించుకోకపోవడమో జరుగుతుంది.

2. పరీక్షా విధానం - పరిమితి

ఆయిల్ నమూనాను ప్లాస్మాలోకి పంపినప్పుడు అందులోని ప్రతి మూలకం తనదైన తరంగదైర్ఘ్యంలో కాంతిని వెలువరిస్తుంది. ఆ కాంతి తీవ్రతను బట్టి మూలకం పరిమాణాన్ని పి.పి.ఎం.లలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో లెక్కిస్తారు. ఇనుము సిలిండర్ గోడల, షాఫ్టుల అరుగుదలను, అల్యూమినియం పిస్టన్ల అరుగుదలను, రాగి బేరింగుల అరుగుదలను సూచిస్తాయి. సోడియం, పొటాషియం హఠాత్తుగా పెరిగితే కూలెంట్ ఆయిల్‌లోకి కారుతున్నదేమోనని అనుమానించాలి. వీటితోపాటు ఆయిల్ చిక్కదనాన్ని, ఆమ్లాలను తట్టుకొనే క్షారశక్తిని, కలిసిన ఇంధనాన్ని వేర్వేరుగా పరీక్షిస్తారు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. సుమారు 5 మైక్రాన్లకు మించిన రేణువులను ప్లాస్మా పరీక్ష సరిగా పట్టుకోలేదు. పెద్ద లోహపు ముక్కలు రాలుతున్నా నివేదిక నిర్మలంగా కనిపించవచ్చు. అందువల్ల ఆయిల్ ఫిల్టర్‌ను కోసి చూడడం కూడా అవసరం.

3. మార్పులు చేసిన టర్బో ఇంజిన్

కంప్యూటర్ అమరికను మార్చి టర్బో పీడనాన్ని పెంచినప్పుడు సిలిండర్లలో వేడి, ఒత్తిడి రెండూ పెరుగుతాయి. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని బేరింగులను కందెనగా కాపాడేదీ, వాటి వేడిని మోసుకుపోయేదీ ఇంజిన్ ఆయిలే. అనంతగిరి కొండల ఎత్తును వేగంగా ఎక్కి, ఆగిన వెంటనే ఇంజిన్ ఆపితే, కదలిక లేని ఆయిల్ ఆ వేడికి మాడి మసిగా గట్టిపడే ప్రమాదం ఉంది.

ఇంధనాన్ని ఎక్కువగా చిమ్మే అమరికలో కాలని పెట్రోలు పిస్టన్ రింగులను దాటి ఆయిల్‌లో కలుస్తుంది. 5డబ్ల్యు-30 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. అది 9.3 కన్నా తగ్గితే మొదట ఇంధనం కలిసిందేమో చూడాలి. అయితే చిక్కదనాన్ని నిలిపే పాలిమర్లు తెగిపోయినా ఇదే ఫలితం కనిపిస్తుంది కాబట్టి ఇంధన పరీక్షతో నిర్ధారించుకోవాలి.

4. తాండూరు ధూళి - కాల్షియం సమస్య

మార్పులు చేసిన కార్లకు తరచుగా ఎక్కువ గాలి పీల్చే ఫిల్టర్లను అమరుస్తారు. వాటి వడపోత బలహీనమైతే దారిలోని ధూళి ఇంజిన్‌లోకి చేరుతుంది. తాండూరు పరిసరాల్లో నాపరాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. నాపరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన సున్నపురాయి. కనుక ధూళి చేరితే నివేదికలో కాల్షియం పెరగాలని ఎవరికైనా తోస్తుంది.

ఈ ఊహ నిలవదు. ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచే రసాయనాల రూపంలో చాలా ఆయిళ్లలో కాల్షియం ముందే వెయ్యి పి.పి.ఎం.లకు పైగా ఉంటుంది. ధూళితో వచ్చే కొద్దిపాటి కాల్షియం అందులో కలిసిపోయి కనిపించదు. ఆయిల్ మార్చినా ఈ అంకె మారుతుంది. టర్బో ఇంజిన్లలో అకాల దహనాన్ని తగ్గించేందుకు కొన్ని కొత్త ఆయిళ్లలో కాల్షియాన్ని తగ్గించి మెగ్నీషియాన్ని పెంచారు.

నిజంగా వెతకవలసింది సిలికాన్‌ను. మోస్ కాఠిన్య సూచికలో సున్నపురాయిలోని కాల్సైట్ స్థానం 3, ఇసుకలోని క్వార్ట్జ్ స్థానం 7. సిలిండర్‌ను గీరేది ఈ రెండవదే. అయితే కొత్త ఆయిల్‌లోని నురగ నివారిణి, గాస్కెట్ల వద్ద పూసే సిలికోన్ సీలెంటు కూడా సిలికాన్‌ను చూపుతాయి. నల్లరేగడి మట్టి సిలికాన్‌తోపాటు అల్యూమినియాన్ని తెస్తుంది. అదే అల్యూమినియం పిస్టన్ నుంచి కూడా రావచ్చు. ఏ ఒక్క మూలకమూ స్వతంత్ర సాక్ష్యం కాదు.

5. వరుస నమూనాల ప్రాధాన్యం

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మొదటి నమూనాలో 5,000 కిలోమీటర్ల తరువాత ఇనుము 20, సిలికాన్ 8 పి.పి.ఎం.లు. రెండవ నమూనాలో 3,000 కిలోమీటర్ల తరువాత ఇనుము 18, సిలికాన్ 22. ఇనుము తగ్గినట్లు కనిపిస్తున్నా, వెయ్యి కిలోమీటర్లకు లెక్కిస్తే 4 నుంచి 6కు పెరిగింది. మధ్యలో ఫిల్టర్ మార్చి, గనుల దారిలో తిరిగినట్లయితే ఇంజిన్ విప్పే ముందు గాలి గొట్టాల అతుకులను, ఫిల్టర్‌ను పరిశీలించాలి. ఆ మధ్యలో గాస్కెట్ మార్చి ఉంటే, ఇనుము పెరగనప్పుడు సీలెంటును అనుమానించడం సమంజసం.

ఈ పోలికకు నమూనా సేకరణలో క్రమశిక్షణ అవసరం. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, కారే ధార మధ్యభాగం నుంచి శుభ్రమైన సీసాలోకి ఆయిల్ తీయాలి. ఆయిల్ నడిచిన దూరాన్ని, మధ్యలో కలిపిన ఆయిల్‌ను, చేసిన మరమ్మతులను నమోదు చేయాలి. వాడని కొత్త ఆయిల్‌ను కూడా ఒకసారి పరీక్షించి ఆధారంగా ఉంచుకోవాలి.

6. ముగింపు

ఆయిల్ నివేదిక ఇంజిన్ గురించి తీర్పు చెప్పదు, సాక్ష్యాన్ని మాత్రమే అందిస్తుంది. తాండూరు వంటి సున్నపురాయి ప్రాంతంలో కాల్షియం తప్పుదారి పట్టించగలదు. సిలికాన్ సైతం ఇనుముతో, అల్యూమినియంతో, మరమ్మతుల చరిత్రతో కలిపి చూసినప్పుడే నమ్మదగినదవుతుంది. మార్పులు చేసిన కారుకు తయారీదారు సూచించిన సాధారణ పరిమితులు పూర్తిగా వర్తించవు. కాబట్టి ఆ కారు పాత నివేదికలే దానికి సరైన కొలమానం. కనీసం మూడు వరుస నమూనాలు చేతికి వచ్చిన తరువాతే ఆయిల్ మార్పు వ్యవధిని పెంచాలో, తగ్గించాలో నిర్ణయించడం యుక్తం.