గ్రీన్ కార్డు వేరు, పౌరసత్వం వేరు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు చాలా ఊళ్లలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఉన్నాయి. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. అక్కడ డల్లాస్ నగరం చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు. "మావాడు అక్కడివాడైపోయాడు" అని అమ్మలు అంటూ ఉంటారు. అది అంత తొందరగా అయ్యే పని కాదు.

ఒకప్పుడు అసలు వీలే లేదు. మందులు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. భారతీయులు తెల్లవాళ్లు కారు, వాళ్లకు పౌరసత్వం లేదు అని అక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. ఎంత అన్యాయం! 1946లో గాని ఆ చట్టం మారలేదు. సుబ్బారావు గారు 1948లో చనిపోయారు. పాతికేళ్లు అక్కడ పనిచేసినా ఆ దేశ పౌరుడు కాలేదు.

ఇప్పుడు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ముందు వీసా మీద ఉంటారు. వీసా అంటే కొంతకాలం ఉండనిచ్చే అనుమతి. ఆ తర్వాత గ్రీన్ కార్డు. అది ఉంటే అక్కడే ఉండిపోవచ్చు, పని చేసుకోవచ్చు. ఏటా ఇచ్చే ఉద్యోగపు కార్డుల్లో ఒక్కో దేశానికి మామూలుగా నూటికి 7 మించవు. చిన్న దేశానికీ అంతే, మనకీ అంతే. మనవాళ్లలో అడిగేవారు ఎక్కువ. అందుకే ఏళ్ల తరబడి వరసలో ఉండాలి. కార్డు వచ్చిన 5 ఏళ్లకు పౌరసత్వం అడగొచ్చు.

21 ఏళ్లు నిండిన కొడుకు గాని కూతురు గాని పౌరసత్వం పొందితే, అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు అడగొచ్చు. దీనికి ఆ పొడుగు వరస లేదు. అప్పుడు అమ్మ ముందుకు ఇంగ్లీషు కాగితాలు వస్తాయి. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటాడు అబ్బాయి. అది గ్రీన్ కార్డు కాగితమా, పౌరసత్వం కాగితమా? అడిగి తెలుసుకున్నాకే పెట్టాలి.

గ్రీన్ కార్డు తీసుకున్నా అమ్మ మన దేశ పౌరురాలే. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం ఇక్కడి పౌరసత్వం పోతుంది. మన చట్టం రెండూ ఒప్పుకోదు. ఇక్కడ ఓటు ఉండదు. ఉన్న పొలం పోదు గాని, కొత్తగా పొలం కొనే వీలుండదు. ఓసీఐ కార్డు అని ఒకటి 2005లో వచ్చింది. దానితో వీసా లేకుండా వచ్చిపోవచ్చు. ఓటు, పొలం కొనే హక్కు దానితోనూ రావు.

పౌరసత్వానికి పరీక్ష కూడా ఉంది. ఇంగ్లీషులో మూడు వాక్యాలిస్తారు. ఒక్కటైనా చదవాలి. అలాగే ఒకటి రాయాలి. ఆ దేశం గురించి ప్రశ్నలు అడుగుతారు. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు అక్కడ ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష లేదు. ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. మాట మార్చి చెప్పే మనిషిని వెంట తీసుకెళ్లాలి.