ఆకు రాల్చడం చావు గుర్తు కాదు

ఫిబ్రవరి దాటగానే బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. రోడ్డు పక్కన బోడిగా నిలబడ్డ చెట్టు. దాని కింద ఒక మాట: “ఇది ఎండిపోయింది. వానలొస్తే కార్ల మీద పడుతుంది. ముందే కొట్టించేద్దాం.” చూస్తుండగానే సంతకాలు పోగవుతాయి, రంపం వస్తుంది. కోసిన చోట బెరడు కింద పచ్చగా, తడిగా కనబడుతుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

బోడిచెట్టు అంటే చచ్చిన చెట్టు అనే ఈ నమ్మకం మిగతా అపోహలన్నిటికంటే ఎక్కువ చెట్లను పొట్టన పెట్టుకుంటోంది. అందుకే ముందు దీని సంగతి తేల్చాలి.

ఆకు దానంతట అది ఊడి పడదు. చెట్టు దాన్ని రాలుస్తుంది. వేళ్ళ దగ్గర తడి తగ్గగానే ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మోతాదు పెరుగుతుంది. దాని ప్రభావంతో ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. ఎండ ఇంకా ముదిరితే ఎథిలీన్ పని మొదలవుతుంది. ఆకులో ఉన్న నత్రజని, భాస్వరం చాలావరకు కొమ్మలోకి వెనక్కి వెళ్ళిపోతాయి. తొడిమ మొదట్లో ఒక పలుచటి కణాల పొర మెత్తబడుతుంది, ఆకు అక్కడ శుభ్రంగా తెగుతుంది, తెగిన చోట మచ్చ కట్టి మూసుకుంటుంది. ఈ పనులన్నీ బతికున్న కణాలు మాత్రమే చేయగలవు. హఠాత్తుగా చచ్చిన కొమ్మను ఎప్పుడైనా గమనించండి. దాని ఆకులు గోధుమరంగుకు తిరిగి, వడలి, వారాల తరబడి కొమ్మను పట్టుకునే ఉంటాయి, ఎందుకంటే వాటిని వదిలించుకునే ప్రాణం అందులో లేదు. అంటే మనవాళ్ళు భయపడాల్సిన గుర్తు ఒకటైతే, రంపం తెప్పిస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకమైన గుర్తును చూసి.

చెట్టు ఇంత పని ఎందుకు పెట్టుకుంటుంది? వేళ్ళు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఆకుల్లోంచి ఆవిరైపోతుంది. ఆ ఆవిరే నీటిని కింది నుంచి పైకి లాగుతుంది. నేలలో తడి తగ్గి, గాలి పొడిబారే కొద్దీ బోదెలోని సన్నటి నాళాల్లో నీటిధార బిగుసుకుంటుంది. ఒక హద్దు దాటితే తెగిపోతుంది. తెగిన నాళంలోకి గాలిబుడగ చేరుతుంది, ఇక అది నీరు మోయదు. ఇలా నాళాలు వరుసగా మూగబోతే కొమ్మ చస్తుంది, తర్వాత చెట్టు చస్తుంది. ఆ దశ రాకుండా చెట్టు ముందే ఆకులు దులుపుకుంటుంది. గిరాకీ లేని వేళ షట్టర్ దించిన దుకాణం దివాలా తీసినట్టు కాదు.

2024 వేసవిలో ఇది ఊరంతా జరిగింది. బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం జనం కాపలా కాసిన ఆ ఏప్రిల్‌లో నగర వాతావరణ కేంద్రంలో చుక్క వాన నమోదు కాలేదు. నెలాఖరుకి ఎండ 38 డిగ్రీలు దాటింది. చెట్లు మామూలుకంటే ముందే, మామూలుకంటే ఎక్కువగా ఆకు రాల్చాయి. వాటిలో చాలావరకు తొలి జల్లులకే చిగురించాయి, మనం నరకనివి.

అసలు ఈ ఊరి వీధుల్లో ఆకు రాల్చే చెట్లు ఇన్ని ఉండటం యాదృచ్ఛికం కాదు. 1908లో లాల్‌బాగ్ బాధ్యతలకు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగల్ ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి పూసి ఉండేలా చెట్లను వంతులవారీగా ఎంచారు. 1980లలో అటవీ అధికారి నేగిన్‌హాళ్ ఆధ్వర్యంలో లక్షల మొక్కలు వీధులకెక్కాయి. అమెరికా ఖండాల ఉష్ణమండలం నుంచి వచ్చిన తబెబుయా, దక్షిణ అమెరికా జకరండా, మడగాస్కర్ గుల్మొహర్, మనకు ఎప్పటినుంచో ఉన్న కానుగ, రావి, ఇవన్నీ ఎండాకాలంలో కొంతకాలమో కొన్ని రోజులో ఆకు వదిలేవే. తబెబుయా అయితే ఆకు దులిపాకే ఒళ్ళంతా గులాబిరంగు పూలు కప్పుకుంటుంది. ఆ ఫొటోల కోసం జనం ఎగబడతారు. పూలు రాలిపోయి కొత్త ఆకు ఇంకా రాని ఆ కొద్దివారాల్లో అదే చెట్టు మీద ఫిర్యాదు వెళుతుంది. ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

“పూర్తిగా నరకడం లేదు కదా, వానలకు ముందు బరువు తగ్గిస్తున్నాం” అనేవాళ్ళది ఇంకో తీరు. ఆకులేని రోజుల్లో చెట్టు బతికేది కొమ్మల్లో, బోదెలో, వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థం మీద. పెద్ద కొమ్మలు కొట్టేస్తే ఆ నిల్వ పోతుంది. గాయాల్లోంచి శిలీంధ్రం లోపలికి దిగుతుంది. ఆపైన మొండెం నుంచి గుబురుగా లేచే కొత్త రెమ్మలు బెరడు అంచును మాత్రమే పట్టుకుని పెరుగుతాయి, ఏళ్ళ తర్వాత గాలికి విరిగి పడేవి అవే. కరెంటు తీగల కోసం ఒకవైపే చెక్కితే బరువంతా రోడ్డు మీదికి వాలుతుంది. పడకుండా చేస్తున్నామనుకున్న పనే పడటానికి దారి వేస్తుంది.

మరి చెట్లు పడటం లేదా? పడుతున్నాయి. 2024 జూన్ 2న ఒక్క రోజులో 111 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు ఊరంతా పడ్డాయి. ఆ మర్నాడు కూలిన చెట్ల మొదళ్ళు చూసినవాళ్ళకు కారణం కళ్ళముందే ఉంది: వేళ్ళు లేవు. చెట్టు ఎంత ఎత్తుంటే వేరు అంత లోతుంటుందని మనం అనుకుంటాం. నిజానికి వీధిచెట్ల వేళ్ళు చాలావరకు పైమీటరు మట్టిలోనే, కొమ్మల నీడ కూడా దాటి పక్కలకు పాకుతాయి. అక్కడే మనం కాలువ తవ్వుతాం, కేబుల్ వేస్తాం, ఫుట్‌పాత్ రాళ్ళు పరుస్తాం, రోడ్డుకు కాంక్రీటు పోస్తాం. ఒకవైపు వేళ్ళన్నీ తెగిన చెట్టు పచ్చటి గొడుగుతో, ఆరోగ్యంగానే కనిపిస్తూ కూలుతుంది. భయపడాల్సింది దాని గురించి. బోడిగా ఉన్న దాని పక్కింటి చెట్టు గాలికి తెరచాప కూడా కాదు.

వాతావరణ మార్పు చెట్ల బాధను ఇంకా పెంచుతోంది. రాత్రులు వేడెక్కితే చెట్టు శ్వాసకు ఎక్కువ ఖర్చవుతుంది, పగలు దాచుకున్నది రాత్రికే కరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లకు మేలే అనేవాళ్ళకు ఒక్కటే జవాబు: ఎండకు మూసుకున్న పత్రరంధ్రాల్లోంచి అది లోపలికి పోదు. ఉష్ణమండల చెట్ల ఆకుల్లో కిరణజన్య యంత్రాంగం సగటున 46.7 డిగ్రీల దగ్గర చెడిపోవడం మొదలవుతుందని 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. నీరు ఆవిరి చేసుకోలేని ఆకు చుట్టూ ఉన్న గాలికంటే బాగా వేడెక్కుతుంది కాబట్టి, కాంక్రీటు మధ్య చెట్టుకు ఆ అంకె మనం అనుకున్నంత దూరంలో లేదు. కరువు దెబ్బ తిన్న చెట్టు ఆ ఏడే చావాలని కూడా లేదు. రెండు మూడేళ్ళు నీరసంగా ఉండి, పురుగుకో శిలీంధ్రానికో లొంగి తర్వాత పోతుంది. అప్పుడు పురుగును తిడతాం.

ఇక తొర్ర పడిన చెట్టు చచ్చిందనే మాట. బోదె మధ్యలోని చేవ ఎప్పుడో ప్రాణం పోయిన కలపే. నీరు మోసేది, పెరిగేది బెరడును ఆనుకున్న పొరలు. దేవనహళ్ళి దగ్గర నల్లూరు చింతతోపుకు వెళ్ళండి. 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన ఆ తోపులో లోపల డొల్లగా ఉన్న ముసలి చింతమాకులు ఇప్పటికీ చిగురుస్తాయి. మైసూరు రోడ్డు వైపు కేతోహళ్ళి దొడ్డ ఆలదమరకు అసలు బోదె ఎప్పుడో పోయింది, ఊడలతో మర్రి నిలబడే ఉంది. తొర్ర ప్రమాదమా కాదా అనేది చుట్టూ ఎంత గట్టి చెక్క మిగిలిందన్న దాన్నిబట్టి నిపుణులు కొలిచి చెప్పాలి, కింద నిలబడి మనం కాదు.

మరో రెండు అపోహలూ తేల్చేద్దాం. రావిచెట్టు రాత్రి ఆక్సిజన్ ఇవ్వదు, వెలుతురు లేకుండా ఏ చెట్టూ ఇవ్వదు. బోదెకు సున్నం, జేగురు పూస్తే చెట్టుకు బలం రాదు.

ఒక నమ్మకం దగ్గర మాత్రం నేను తగ్గక తప్పదు. నీలగిరి చెట్టు భూగర్భజలం తాగేస్తుందని హొసకోటె, చింతామణి, కోలారు వైపు మన తెలుగు రైతులు ఎన్నో ఏళ్ళుగా అంటున్నారు. అన్ని చెట్లూ నీళ్ళు తాగుతాయి, దీన్నొక్కదాన్నే ఎందుకు అంటారనేది దానికి నా మామూలు జవాబు. కానీ హొసకోటె తోటల్లో శాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం కొలిచి చూస్తే, లోతైన నేలలో ఆ చెట్లు కురిసిన వానకంటే ఎక్కువ నీరు వాడినట్టు తేలింది. ఏటేటా వేరు కిందికి దిగుతూ పాత తడిని తోడేస్తోందన్నది 1997లో వాళ్ళు ఇచ్చిన వివరణ. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. రైతు మాట నిజమే. అయితే అది దట్టంగా వేసిన తోట సంగతి. మీ వీధి చివరి ఒంటి నీలగిరి మీ బోరును ఎండబెట్టలేదు.

చెట్టు తాగే నీటి లెక్క ఒకటైతే, అది ఇచ్చే నీడ విలువ కూడా వినండి. బెంగళూరు వీధుల్లో హరిణి నాగేంద్ర, సహపరిశోధకులు కొలిచినప్పుడు, చెట్లున్న చోట మధ్యాహ్నం గాలి 5.6 డిగ్రీల దాకా, తారురోడ్డు 27.5 డిగ్రీల దాకా చల్లగా ఉంది. 2013లో వెలువడిన అధ్యయనం అది. తోపుడుబండి వాడికీ, పూలమ్మే అమ్మకీ, డెలివరీ కుర్రాడికీ ఏసీ అదే.

కాబట్టి మీ వీధిలో బోడిచెట్టు కనబడితే ముందు దాని పేరు తెలుసుకోండి. అందిన చిన్న రెమ్మ మీద గోటితో కొద్దిగా గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకో రెండు మూడు రెమ్మలు చూడండి, ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి. మొదలు చుట్టూ సిమెంటు ఉంటే కనీసం మీటరు మేర తీయించండి. ఢిల్లీకి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించిన కొలత అదే. నీళ్ళు బోదెకు ఆనించి పోయకండి, తాగే వేళ్ళు అక్కడ ఉండవు. కొమ్మల నీడ అంచు వరకు, రోజూ చెంబెడు కాకుండా వారానికోసారి నేల లోతుగా తడిసేలా పోయండి. ఆర్‌వో యంత్రం వదిలే ఉప్పునీళ్ళు వద్దు. రాలిన ఆకును కాల్చకుండా అక్కడే మట్టి మీద పరవండి.

చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలు, కొత్తగా వాలడం, వేళ్ళ దగ్గర మట్టి పైకి లేవడం, పక్కనే తాజాగా తవ్విన గుంత, ఇవి కనబడితే చెట్టు పచ్చగా ఉన్నా సరే ఆ రోజే నగరపాలక సంస్థ అటవీ విభాగానికి ఫోన్ చేయండి. అవేవీ లేకపోతే తొలి వానలు పడ్డాక ఆరు వారాలు ఆగండి. అప్పటికీ చిగురు లేకపోతే ట్రీ ఆఫీసర్‌ను పిలిచి చూపించండి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం కొట్టేయడానికి అనుమతి ఇవ్వాల్సింది ఆ అధికారి, గ్రూపు అడ్మిన్ కాదు.