ప్రయాణికుల విమానములు – సరకుల విమానములు

విజయవాడనుండి ఏలూరునకు పోవు రాజమార్గమున గన్నవరము విమానాశ్రయము కలదు. దానికి చేరువనే ఏలూరు కాలువ పారుచున్నది. బస్సులు, లారీలు విరివిగా లేని దినములలో కృష్ణా డెల్టా కాలువలపై రెండు విధములగు పడవలు నడచుచుండెడివి. ఒకటి జనులను చేరవేయునది. మఱియొకటి ధాన్యపు బస్తాలను మోయునది. ఆకాశమున తిరుగు విమానములలోను ఇట్టి భేదమే కలదు.

నేటి ఎయిరిండియా సంస్థ పుట్టుక తపాలా సంచులతో ప్రారంభమైనది. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా ఒక చిన్న విమానమున కరాచీనుండి బొంబాయికి ఉత్తరములను తెచ్చెను. ఆ తపాలా బళ్లారిమీదుగా మద్రాసునకు సాగెను. మనుష్యులకంటె ముందు ఉత్తరములే ఎగిరినవన్నమాట!

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట డకోటా విమానములు మన దేశమున విరివిగా లభించెను. హైదరాబాదునందలి దక్కను ఎయిర్‌వేస్ సంస్థయు వానినే నడిపెను. డకోటాకు రెండు ఇంజనులు. కుర్చీలు బిగించిన ఇరువదిమందికి పైగా కూర్చుండవచ్చును. తీసివేసిన అదియే సరకుల బండి. 1949వ సంవత్సరమున రాత్రి తపాలా ఏర్పాటు మొదలయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తిరిగి చేరుచుండెడివి. 1953 ఆగస్టు 1వ తేదీన దేశములోని పలు విమాన సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా ఏకమయ్యెను. అప్పుడు దానికి సంక్రమించిన 99 విమానములలో 74 డకోటాలే.

కాలక్రమమున పెద్ద జెట్ విమానములు వచ్చెను. ప్రయాణికుల విమానమున నేల రెండంతస్తులుగా నుండును. పైన కుర్చీలు, క్రింద మన పెట్టెలు, తపాలా, వర్తకుల సరకులు. సరకుల విమానమునకో కిటికీల వరుస అక్కఱలేదు. ప్రక్కన పెద్ద తలుపు, గట్టి నేల, బరువులను సులువుగా దొర్లించుటకు రోలర్లు ఉండును. బరువంతయు ఒకే కొనకు చేరినచో విమానము తూకము తప్పును. కావున ఏ మూట ఎచ్చట నుంచవలెనో ముందుగానే లెక్క కట్టుదురు. పడవవాడు బస్తాలు సర్దుటయు ఇందులకే గదా!

ఎయిరిండియా 1954లో డకోటాతో సరకుల విమానములను ఆరంభించి, 2012లో విరమించెను. సరకుల విమానము ఒక దిక్కునకు నిండుగా పోయినను, తిరుగు ప్రయాణమున వట్టిగా రావలసి వచ్చునేమో. ప్రయాణికుల విమానము ఎట్లును ఎగురును, దాని అడుగున చోటు సిద్ధముగా నుండును. పండిన నూజివీడు మామిడిపండు ఓడలో వారముల తరబడి పోజాలదు. అట్టి త్వరగా చెడు సరకునకు ఆ చోటే శరణ్యము.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు కలదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన మార్చి నెలలో ప్రయాణములు ఆగిపోయెను. జనులు ఎగురకున్నచో వారి కాళ్లక్రింద పోవు సరకును ఎగురదు. మందులకు, వైద్యసామగ్రికి ఆ దినములలోనే మిక్కిలి అవసరము! అప్పుడు ఎయిరిండియా తన ప్రయాణికుల విమానములనే సరకులకై చైనాలోని షాంఘై నగరమునకు పంపి, వైద్యసామగ్రిని తెప్పించెను. విదేశములలో చిక్కుకొన్న మనవారిని తెచ్చిన విమానములు కొన్ని గన్నవరమునను దిగెను.

2022 జనవరి 27వ తేదీన ఎయిరిండియా ప్రభుత్వమునుండి మరల టాటాల చేతికి వచ్చెను. యజమాని ఎవరైనను విమానము చేయు సేవ ఒక్కటే. గన్నవరముమీదుగా విమానము పోవునప్పుడు తలయెత్తి చూడుడు. కిటికీలవెంట కూర్చున్నవారు కొందఱు. వారి పాదములక్రింద, ఎవరో ఎదురు చూచుచున్న మందో, ఉత్తరమో, పండ్లబుట్టయో ఉండవచ్చును.