₹3,500 ఇస్తే ₹3,417.40 పడింది. మిగతాది ఎవరు తీసుకున్నారు?

ఈ ఎపిసోడ్ మన గోదావరి జిల్లాల్లో చిన్న ట్రస్టులు, సేవా సంఘాలు నడిపేవాళ్ల కోసం. ముఖ్యంగా అందులో కోశాధికారి పని నెత్తిన వేసుకున్న ఆ ఒక్కరి కోసం.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పటి వరద గుర్తుందిగా. అలాంటిది మళ్లీ వచ్చిందనుకోండి. లంక గ్రామాలకి బియ్యం, టార్పాలిన్లు పంపాలని మీ సంఘం వాట్సాప్‌లో ఓ పేమెంట్ లింకు పెట్టింది. ముగ్గురు కార్డుతో ₹1,000, ₹500, ₹2,000 ఇచ్చారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం వాళ్ల పేర్లే లేవు. ఎవరో తెలియని కంపెనీ పేరు, పక్కన ₹3,417.40. మీటింగులో ఒకాయన లేచి, "ఏవండీ, మిగతా ఎనభై రెండు రూపాయలు ఏమయ్యాయి?" అంటాడు. ఆయ్, ఊళ్లో ఆ ప్రశ్న ఎనభై రెండు రూపాయల గురించి కాదు కదండీ!

ఆ కంపెనీ పేమెంట్ గేట్‌వే. దాత డబ్బు నేరుగా మీ ఖాతాకి రాదు. ముందు గేట్‌వే వాళ్ల ఎస్క్రో ఖాతాలో పడుతుంది, ఒకట్రెండు రోజులకి అందరివీ కలిపి ఒకే మొత్తంగా మీకు వేస్తారు. దాన్నే సెటిల్‌మెంట్ అంటారు. దాతల పేర్లు లేనిది అందుకే. ఫీజు 2 శాతం అనుకుంటే ₹70. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, ₹12.60. మొత్తం ₹82.60. లెక్క సరిపోయింది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పడింది ₹3,417.40 కాబట్టి పుస్తకంలో విరాళం అంతే అని రాసేస్తారు. అలా కాదండి. విరాళం ₹3,500, బ్యాంకు ఛార్జీల ఖర్చు ₹82.60 అని విడివిడిగా రాయాలి. వెయ్యి ఇచ్చినాయనకి 80జీ రసీదు వెయ్యికే ఇవ్వాలి, 976.40కి కాదు. ఎవరిది ఎంతో గేట్‌వే డాష్‌బోర్డులో సెటిల్‌మెంట్ రిపోర్టులో ఉంటుంది. అందులో యూటీఆర్ నంబరు, స్టేట్‌మెంట్‌లో యూటీఆర్ నంబరు ఒకటే అయితే ఇంక అనుమానం అక్కర్లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం రెండు టేబుల్స్ కలపడానికి చేసేదీ ఇదే, పేరే పెద్దది.

మరి యూపీఐ? బ్యాంకు ఇచ్చిన క్యూఆర్‌కి 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ లేదు. కానీ అదే యూపీఐ గేట్‌వే లింకు ద్వారా వస్తే ప్లాట్‌ఫామ్ ఫీజు ఉండొచ్చు, ఒప్పందం చూసుకోండి. నెలనెలా ఒకే చిన్న మొత్తం కట్ అవుతుంటే అది సౌండ్‌బాక్సు అద్దె కావచ్చు.

ఇవేవీ కాకుండా డెబిట్ కనిపిస్తే మీటింగు దాకా ఆగొద్దు. ఆ రోజే బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి, మోసమనిపిస్తే 1930కి ఫోన్ చేయండి.

రిపోర్టులో "ఇంటర్నేషనల్ కార్డు" అని ఉంటే మాత్రం ఫీజు సంగతి తర్వాత, ముందు ఇచ్చింది ఎవరో చూడండి. డల్లాస్‌లో ఉన్న మన అమలాపురం అబ్బాయే అయినా, అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోకూడదు. ఉన్నా ఆ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, మీ ఊరి బ్రాంచికి కాదు. ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉండి సొంత డబ్బు పంపితే ఆ గొడవ లేదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తెప్పించి ఫైల్లో పెట్టుకోండి.